సంచి విప్పి చూసుకున్నావా? (వాడ నుంచి మాటలు - 23)



పోయిన రెండు వారాలు ఈ వరుసలో ఏమీ రాయలేదు. ఏమైందన్నా అని చాలామంది ఇన్‌బాక్స్‌లో అడిగారు. పని ఎక్కువైందని కొందరికి చెప్పాను. అది అబద్ధం. సిగ్గేసి రాయలేదు. నా నిర్లక్ష్యం వల్ల మన వాళ్ళ కుటుంబం ఒకటి 24 రోజులు అనవసరంగా నలిగిపోయింది. అది మీ ముందు ఒప్పుకోకుండా ఇంకో విషయం మీద నీతులు రాయడానికి చెయ్యి రాలేదు.

ఈసారి కొంచెం కంప్యూటర్ గోల ఉంటుంది. కోడు తెలియని అక్కలూ అన్నలూ మధ్యలో వదిలేసి పోకండి. పిల్లలకి ఎట్లా చెబుతానో అట్లాగే చెబుతాను. కోడు తెలిసిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మాత్రం చివరిదాకా తప్పకుండా చదవాలి. ఇది మీ కోసమే.

ముందు మా నాయన సంగతి చెప్పాలి.

మా నాయన కిర్రు చెప్పులు కుట్టేవాడు. వారానికి ఒకసారి సంతకి పోయేవాడు. మా ఊరి నుంచి సంత ఏడు మైళ్ళు. ముందురోజు రాత్రే అమ్మ సంచి సర్దేది. ఆరె, రంపె, గూటం, దారం, మైనం ముద్ద, తోలు ముక్కలు. వాటితో పాటు అట్టముక్కలు కొన్ని. ఆ అట్టముక్కలే నాయన ఆస్తి. పాదం కొలతకి కత్తిరించి పెట్టుకున్న అచ్చులు అవి. చిన్న పాదం, పెద్ద పాదం, వెడల్పు పాదం. ఒక్కో అట్ట మీద బొగ్గుతో ఒక్కో గుర్తు. నాయనకి అక్షరాలు రావు గాని, ఏ గుర్తు ఎవరి పాదమో చీకట్లో కూడా చెప్పగలడు.

సంచి సర్దింది అమ్మే అయినా, పొద్దున్నే బయల్దేరే ముందు నాయన దాన్ని మళ్ళీ మొత్తం విప్పేవాడు. అన్నీ అరుగు మీద పరిచి ఒక్కొక్కటి చేత్తో తాకి మళ్ళీ లోపల పెట్టేవాడు. అమ్మకి ఒళ్ళు మండేది. "నేను పెట్టింది నమ్మవా?" అనేది. నాయన ఒకటే మాట. "నమ్మకం ఇంట్లో. సంతలో సంచి మాత్రమే ఉంటది."

ఒకసారి ఆ అట్టముక్కలు ఇంట్లోనే మర్చిపోయి పోయాడంట. ఆరె ఉంది, తోలుంది, చేతిలో పనితనం ఉంది. అచ్చు లేదు. కంటి అంచనాతో కోశాడు. జత ఒకటి పాడైంది. తోలు నష్టం, కూలి నష్టం, పైగా ఆసామి చేత నోటికొచ్చిన తిట్లు. ఆ రోజు నుంచి సంచి విప్పి చూసుకోవడం మొదలైంది.

నేను హైదరాబాదులో 11 ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. మా నాయన నేర్చుకున్న పాఠం నాకు రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఇప్పుడు అసలు విషయం.

మన మీద దాడి జరిగినప్పుడు మొదటి యుద్ధం కాగితం మీద జరుగుతుందని మీకు తెలుసు. ఫిర్యాదులో ఏం రాశామో అదే ఎఫ్ఐఆర్. ఎఫ్ఐఆర్‌లో ఏముందో దాని మీదే కేసు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో. మధ్యలో 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, 1995లో దానికి రూల్సు వచ్చాయి. చట్టం మన నెత్తుటి మీద నిలబడిందే గాని, ఆ చట్టం స్టేషన్ గడప దాటి లోపలికి పోవాలంటే ఒక తెల్లకాగితం కావాలి. ఆ కాగితంలో కొన్ని మాటలు ఉండి తీరాలి.

ఉదాహరణకి, కులం పేరుతో తిట్టారని రాస్తే సరిపోదు. ఎక్కడ తిట్టారు? నలుగురు చూసే చోటా, కాదా? చట్టంలో మూడో సెక్షన్ ఒకటో సబ్‌సెక్షన్ ఆర్, ఎస్ క్లాజులు రెండూ నలుగురి కంటబడే చోటు అనే అడుగుతాయి. నాలుగు గోడల మధ్య, బయటి వాళ్ళెవరూ లేనప్పుడు జరిగితే ఆ క్లాజు వర్తించదని 2020లో సుప్రీంకోర్టు కూడా అన్నది. కాబట్టి చోటు రాయాలి. అక్కడ ఎవరెవరున్నారో రాయాలి. మన కులం, వాళ్ళ కులం రాయాలి. ఏ మాట అన్నారో ఆ మాట రాయాలి. దెబ్బలు తిని వచ్చిన మనిషికి ఆ రాత్రి ఇవన్నీ గుర్తుంటాయా?

అందుకే నేను ఒక చిన్న కమాండ్ లైన్ ప్రోగ్రామ్ రాశాను. పేరు అర్జీ. బొమ్మలు, బటన్లు ఏమీ ఉండవు. నల్ల తెర మీద అర్జీ అని కొడితే అది ఒక్కొక్క ప్రశ్న అడుగుతుంది. ఎప్పుడు? ఎక్కడ? ఎవరు చూశారు? ఏమన్నారు? జవాబులు ఇస్తూ పోతే చివర్లో ఫిర్యాదు తయారవుతుంది. పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. నెట్ సెంటర్లో ఉండే ముసలి కంప్యూటర్లో కూడా నడుస్తుంది. అందుకే ఆ పద్ధతి ఎంచుకున్నాను.

ఈ ప్రోగ్రామ్‌లో రెండు భాగాలు. ఒకటి కోడు, పైథాన్‌లో రాసింది. ప్రశ్నలు అడగడం, జవాబులు పట్టుకోవడం దాని పని. రెండోది టెంప్లేట్లు. అంటే నమూనా కాగితాలు. మధ్యమధ్యలో ఖాళీలుంటాయి. కోడు ఆ ఖాళీల్లో జవాబులు నింపుతుంది. దీనికి జింజా అనే లైబ్రరీ వాడాను. మొత్తం 11 నమూనాలు. స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదు ఒకటి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఐదో రూలు కింద ఎస్పీకి తపాలాలో పంపేది ఒకటి. పరిహారం కోసం 12వ రూలు కింద కలెక్టర్‌కి పెట్టేది ఒకటి. సాక్షులకి రక్షణ కోరుతూ 15ఏ సెక్షన్ కింద ఒకటి. కేసు ఎక్కడిదాకా వచ్చిందో అడిగే సమాచార హక్కు దరఖాస్తు ఒకటి. ఇట్లాంటివి.

నమూనాలు కోడులో కలిపేయకుండా ఎందుకు విడిగా పెట్టాలి? చట్టం మారుతుంది కాబట్టి. 2024 జూలై 1న సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. అంతకుముందు ఎఫ్ఐఆర్‌కి 154 అని రాసేవాళ్ళం, ఇప్పుడు 173. కోడు ముట్టుకోకుండా నమూనాలో ఒక అంకె మారిస్తే చాలు. మన లాయర్ అక్క ఒకామె కోడు రాయలేదు, కానీ నమూనా తెరిచి వాక్యం దిద్దగలదు. అచ్చు వేరు, ఆరె వేరు. నాయన దగ్గర నేర్చుకున్నదే.

మార్చిలో మా జిల్లాలో 14 మంది పిల్లలకి రెండు రోజుల క్లాసు పెట్టాను. నా లాప్‌టాప్‌లో నడిపి చూపించాను. భలే నడిచింది. తర్వాత అందరికీ ప్యాకేజీ ఫైలు పంపాను. ఇన్‌స్టాల్ చేసి హెల్ప్ కొట్టి చూడమన్నాను. అందరూ తెర ఫొటో తీసి పెట్టారు. "వచ్చిందన్నా." నేను కూడా పొంగిపోయి పోస్ట్ పెట్టాను. మీలో చాలామంది ఆ పోస్ట్‌కి లైకులు కొట్టారు, గుర్తుందో లేదో.

మే నెలలో ఒక ఆదివారం రాత్రి తొమ్మిదింపావుకి ఫోన్. ఆ 14 మందిలో ఒక తమ్ముడు. వాళ్ళ ఊళ్ళో మన వాళ్ళ పెళ్ళి. ఊరేగింపు మెయిన్ బజారులోంచి రాకూడదని అడ్డం నిలబడ్డారు. మాటా మాటా పెరిగింది. పెళ్ళికొడుకు మేనమామకి తల పగిలింది. తమ్ముడికి చెయ్యి వాచింది. వాళ్ళమ్మని జుట్టు పట్టుకుని లాగారు. స్టేషన్‌కి పోతే, పెళ్ళి ఇంట్లో కేసులెందుకు, రేపు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడదాం అన్నారంట.

"అన్నా, నెట్ సెంటర్‌కి వచ్చినా. అర్జీ కొడతావున్నా. ఏందో ఎర్రగా వస్తంది."

ఫొటో పెట్టాడు. టెంప్లేట్ నాట్ ఫౌండ్.

"నువ్వు ఏ ఫోల్డర్లో ఉన్నావురా?" అని అడిగాను. అక్కడికి పో, ఇక్కడికి పో, తీసేసి మళ్ళీ ఎక్కించు అని చెప్పుకుంటూ పోయాను. ఆ పిల్లవాడు వాచిన చేత్తో, పక్కన వాళ్ళమ్మ ఏడుస్తుంటే, నేను చెప్పిందల్లా టైపు చేశాడు. 40 నిమిషాలు. పది కావస్తుంటే సెంటర్ ఆయన షట్టర్ సగం దించాడు.

ఇప్పుడు మీకు ఒక ప్రశ్న వచ్చే ఉంటుంది. నీ లాప్‌టాప్‌లో బాగానే నడుస్తుంది కదా, నువ్వే ప్రశ్నలు ఫోన్లో అడిగి కాగితం తయారుచేసి పంపొచ్చు కదా? పంపొచ్చు. పది నిమిషాల పని. నాకు తట్టలేదు. తప్పు ఎక్కడుందో పట్టుకోవాలన్న పిచ్చిలో పడిపోయాను. మాలాంటి వాళ్ళకి ఉండే జబ్బు ఇది. ఎదురుగా మనిషి ఉన్నాడని మర్చిపోయి మిషన్‌తో మాట్లాడుతుంటాం. ఈ మాట రాయడానికే నాకు రెండు వారాలు పట్టింది.

ఆ తమ్ముడు చివరికి "సర్లే అన్నా, చేత్తో రాసిస్తా" అన్నాడు. తెల్లకాగితం మీద ఏడు లైన్లు రాశాడు. పెళ్ళి దగ్గర గొడవ జరిగింది, ఫలానా వాళ్ళు కులం పేరుతో తిట్టి కొట్టారు, చర్య తీసుకోవాలి. అంతే. బజారు పేరు లేదు. ఊరేగింపు ఆపిన సంగతి లేదు. చూసిన వాళ్ళ పేర్లు లేవు. వాళ్ళ కులం లేదు.

ఎఫ్ఐఆర్ అయింది. బీఎన్‌ఎస్‌లో 115(2), 126(2). అంటే మామూలు దెబ్బలు, దారికి అడ్డం. మన చట్టం ఊసే లేదు. అడిగితే, "మీరిచ్చిన కాగితంలో ఏముంది? చూపించండి" అన్నారు.

పెళ్ళి ఊరేగింపు తీయకుండా అడ్డుకోవడం నేరమని 2015 సవరణలో పేరు పెట్టి మరీ రాశారు. 3(1)లో జెడ్‌ఏ క్లాజు. ఆ క్లాజులోనే సైకిలెక్కకుండా, కొత్త బట్టలు వేసుకోకుండా, చెప్పులు తొడుక్కోకుండా అడ్డుకోవడం కూడా ఉంది. చెప్పులు కుట్టినవాడి కొడుకుని నేను. ఆ లైను మొదటిసారి చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నా నమూనాలో దానికోసం విడిగా ఒక ప్రశ్న పెట్టాను. ఊరేగింపు ఆపారా, ఏ వీధిలో, ఎవరు? ఆ ప్రశ్న ఆ రాత్రి ఆ పిల్లవాడిని అడగాల్సింది. అడగలేదు. ఎందుకంటే అది నా లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది.

ఫోన్ పెట్టేశాక, రాత్రి పదకొండుకి, నేను పంపిన ప్యాకేజీ ఫైలు తెరిచాను. పైథాన్‌లో దీన్ని వీల్ అంటారు. పేరు ఏదైనా అది జిప్ ఫైలే. విప్పి చూస్తే కోడు ఫైళ్ళు అన్నీ ఉన్నాయి. నమూనాలు 11కి 11 లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఎందుకు లేవో చెబుతాను.

ప్యాకేజీ కట్టే పనిముట్టు మనం చూపించిన ఫోల్డర్లో పైథాన్ ఫైళ్ళని ఏరుకుంటుంది. అవి కాకుండా పక్కనున్న వేరే రకం ఫైళ్ళు, అంటే నమూనాలు, బొమ్మలు, పట్టికలు, వాటంతట అవి లోపలికి పోవు. ఇవి కూడా కావాలి అని మనం రాసిపెట్టాలి. నేను రాయలేదు. పైగా నమూనాల ఫోల్డర్‌ని ప్యాకేజీ లోపల కాకుండా బయట, పక్కన పెట్టాను. రెండో తప్పు, నమూనా ఎక్కడుందని వెతకడానికి కోడులో ఉత్త ఫోల్డర్ పేరు రాశాను. అట్లా రాస్తే ప్రోగ్రామ్ తను ఉన్న చోట వెతకదు, నడిపించే మనిషి ఏ ఫోల్డర్లో నిలబడి ఉంటే అక్కడ వెతుకుతుంది. నేను ఎప్పుడూ నా ప్రాజెక్ట్ ఫోల్డర్లోనే నిలబడి నడిపేవాడిని. క్లాసులో కూడా అంతే. అందుకే నాకు ఎప్పుడూ దొరికాయి.

ఇంకొకటి ఉంది. నా మిషన్‌లో ఆ ప్యాకేజీ నిజంగా ఇన్‌స్టాల్ కానే లేదు. ఎడిటబుల్ అనే పద్ధతిలో పెట్టుకున్నాను. అది సంచి కట్టినట్టు కాదు, ఇంటికే దారి చూపించినట్టు. కోడు మార్చగానే మార్పు కనిపిస్తుందని ప్రోగ్రామర్లందరం అట్లాగే చేస్తాం. దానివల్ల ఒరిజినల్ ఫోల్డర్లో ఉన్నదంతా ఉన్నట్టే కనిపిస్తుంది. బయటికి పోయిన సంచిలో ఏముందో మాత్రం తెలియదు. హెల్ప్ చూపించడానికి నమూనాలు అక్కర్లేదు కాబట్టి 14 మందికీ హెల్ప్ వచ్చింది. వచ్చిందన్నా అన్నారు. రాలేదు.

ఇక్కడ ఒక మాట. నమూనాలు ప్యాకేజీకి బయట ఉన్నాయి, వాడ ఊరికి బయట ఉన్నట్టు, సాఫ్ట్‌వేర్‌లో కూడా వెలివాడే అని రాస్తే మీరు షేర్లు కొడతారని నాకు తెలుసు. మొదట అట్లాగే రాసి కొట్టేశాను. అది నిజం కాదు. వాడని ఊరికి బయట పెట్టింది మనుషులు, కావాలని, తరతరాలుగా. ఆ ఫోల్డర్‌ని బయట పెట్టింది నేను, అజాగ్రత్తగా. నా తప్పుకి మను మీద కేసు పెట్టలేను. ప్రతిదానికీ ఆ పోలిక తెస్తే అసలు వెలికి విలువ లేకుండా పోతుంది.

కానీ ఆ రెండు తప్పులు పక్కపక్కన పెట్టి చూస్తే వేరే సంగతి ఒకటి కనబడింది. ప్యాకేజీ కట్టే పనిముట్టు, స్టేషన్‌లో ఎఫ్ఐఆర్, రెండూ ఒకే రకం. రాసింది మాత్రమే లోపలికి పోతుంది. నేను జాబితాలో రాయలేదు, నమూనాలు పోలేదు. ఆ తమ్ముడు కాగితంలో బజారు పేరు రాయలేదు, మన చట్టం పోలేదు. ఊరంతా చూసింది, అందరికీ తెలుసు, అది ఎందుకు రాయడం అనుకున్నాడు. నా లాప్‌టాప్‌లో నడుస్తుంది కదా, ఇంకేం చూడాలి అని నేననుకున్నాను. ఇంట్లో ఉన్న నమ్మకం సంతకి రాదు.

తర్వాత ఏమైందంటే, రెండు రోజులకి నేను ఆ ఊరు వెళ్ళాను. వాళ్ళ అరుగు మీద కూర్చుని ప్రశ్నలన్నీ అడిగి వివరంగా అర్జీ తయారుచేశాం. ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపాం. డీఎస్పీ వచ్చి మళ్ళీ వాంగ్మూలాలు తీసుకున్నారు. సంఘటన జరిగిన 24వ రోజు సెక్షన్లు మారుస్తూ మెమో వేశారు. మన చట్టం చేరింది. గెలిచినట్టే కదా అంటారు కొందరు. ఆ 24 రోజులు కొట్టిన వాళ్ళు అదే బజారులో మీసం మీద చెయ్యేసుకుని తిరిగారు. మన చట్టం కింద కేసైతే ముందస్తు బెయిల్‌కి 18వ సెక్షన్ అడ్డం ఉంటుంది. వాళ్ళకి అప్పుడు ఆ భయమే లేదు. ఏడు రోజుల్లో రావాల్సిన తక్షణ పరిహారానికి లెక్కే మొదలు కాలేదు. మేనమామ తలకి కుట్లు వేయించడానికి అప్పు చేశారు. వాళ్ళమ్మని ఎవరూ కూలికి పిలవలేదు.

వెళ్ళిన రోజు ఆమెకి నిజం చెప్పాను. "పెద్దమ్మా, ఆ రాత్రి కాగితం రాకపోవడం నా తప్పు." ఆమె అర్థం కానట్టు చూసింది. "నువ్వేం జేసినవ్ నాయనా, కొట్టింది వాళ్ళు గదా" అంది. ఆ మాటతో నాకు ఇంకా బరువెక్కింది.

సరే, ఇప్పుడు కోడు రాసే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి. నేను ఏం మార్చానో వరుసగా రాస్తున్నాను. మీరు ఏ సంఘానికి ఏ పనిముట్టు రాసినా ఇవి చూసుకోండి.

ఒకటి. నమూనాల ఫోల్డర్‌ని ప్యాకేజీ ఫోల్డర్ లోపలికి మార్చాను.

రెండు. పైప్రాజెక్ట్ డాట్ టామ్ల్ ఫైల్లో ప్యాకేజ్ డేటా అనే చోట నమూనాల రకం ఫైళ్ళన్నీ కలుపుకోమని ఒక లైను రాశాను. సెటప్‌టూల్స్ వాడేవాళ్ళకి ఇది. మానిఫెస్ట్ డాట్ ఇన్ ఫైల్లో రాసేశాం కదా అని ఊరుకోకండి. సోర్సు కట్టలో ఏముండాలో చెప్పడం దాని పని. వీల్‌లోకి కూడా వచ్చాయో లేదో విడిగా చూసుకోవాల్సిందే.

మూడు. ఫోల్డర్ పేరు పెట్టి వెతకడం మానేసి, ఇంపోర్ట్‌లిబ్ డాట్ రిసోర్సెస్ ద్వారా అడుగుతున్నాను. అది ప్యాకేజీ ఎక్కడ ఇన్‌స్టాల్ అయిందో అక్కడే వెతుకుతుంది. మనిషి ఏ ఫోల్డర్లో ఉన్నా పర్వాలేదు. జింజాలో ప్యాకేజ్‌లోడర్ వాడినా అదే పని అవుతుంది.

నాలుగు. ఫైలు తెరిచే ప్రతిచోటా యూటీఎఫ్-8 అని రాశాను. నాది లైనక్స్, నాకు తెలుగు బాగానే వచ్చేది. నెట్ సెంటర్లో విండోస్. అక్కడ చెప్పకపోతే అది వేరే ఎన్‌కోడింగ్ అనుకుంటుంది. తెలుగు కాస్తా పిచ్చి గీతలు అవుతుంది, లేదా ప్రోగ్రామ్ ఆగిపోతుంది. నమూనాలు దొరికి ఉంటే ఆ రాత్రి తర్వాత వచ్చే దెబ్బ ఇదే.

ఐదు. జింజాలో ఏదైనా జవాబు లేకపోతే ఆ ఖాళీని మాట్లాడకుండా ఖాళీగానే వదిలేస్తుంది. మామూలు ఉత్తరానికి అది ఫర్వాలేదు. మన ఫిర్యాదులో జరిగిన చోటు అని రాసి పక్కన ఏమీ లేకపోతే కేసే పోతుంది. అందుకే స్ట్రిక్ట్ అన్‌డిఫైన్డ్ పెట్టాను. ఖాళీ ఉంటే కాగితం తయారుకాదు, ఏది లేదో చెప్పి ఆగుతుంది.

ఆరు. పీడీఎఫ్ నేరుగా తయారుచేస్తే నేను వాడిన లైబ్రరీలో ఒత్తులు విడివిడిగా పడ్డాయి. ఇప్పుడు వెబ్ పేజీలాగా తయారుచేసి బ్రౌజర్లో తెరిచి ప్రింట్ తీయమంటున్నాను. బ్రౌజర్‌కి తెలుగు అతకడం వచ్చు.

ఏడు. అన్నిటికంటే ముఖ్యం. వీల్ కట్టిన ప్రతిసారీ దాన్ని విప్పి లోపల జాబితా చూస్తాను. పైథాన్‌లోనే జిప్‌ఫైల్ మాడ్యూల్ ఉంది, ఒక్క కమాండ్‌తో జాబితా వస్తుంది. 11 లెక్కపెడతాను. తర్వాత కొత్త ఖాళీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసి, నా ప్రాజెక్ట్ ఫోల్డర్ కాకుండా వేరే చోట నిలబడి, ఆ వీల్‌నే ఇన్‌స్టాల్ చేసి, 11 కాగితాలూ తయారుచేసి చూస్తాను. హెల్ప్ చూసి ఆగను. ఇదంతా ఒక టెస్టుగా రాసి పెట్టాను, అయినా కంటితో ఒకసారి చూస్తాను. అమ్మ సర్దినా నాయన విప్పినట్టు.

ఇంకో మార్పు కూడా జరిగింది. అది కోడు గురించి కాదు, మాట గురించి.

కొత్త వీల్ తీసుకుని మళ్ళీ క్లాసు పెట్టినప్పుడు వాడలో ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. 30 ఏళ్ళు మండలాఫీసు ముందు చెట్టు కింద అర్జీలు రాసిపెట్టిన మనిషి. మన వాళ్ళలో ఆ పని చేసిన మొదటివాడు ఆ చుట్టుపక్కల ఆయనే. నా నమూనాలు చదివి తల అడ్డంగా ఊపాడు.

"బాబూ, ఇందులో ఎక్కడా ప్రార్థిస్తున్నాను అని లేదే. వేడుకుంటున్నాను అని లేదే."

"కావాలనే తీసేశాను పెదనాయనా. కోరుతున్నాను అని పెట్టాను. చట్టం ఇచ్చినదాన్ని వేడుకోవడం ఎందుకు?"

"నువ్వు హైదరాబాదులో ఉంటావు. నీ కోరుతున్నాను చూసి ఎస్సై కాగితం విసిరి కొడితే అక్కడ నిలబడేది నువ్వు కాదు."

నాకు వెంటనే జవాబు రాలేదు. అంబేద్కర్ 1947లో స్టేట్స్ అండ్ మైనారిటీస్ రాసినప్పుడు దాన్ని విన్నపంలా రాయలేదు. అది రాజ్యాంగ సభకి ఇవ్వడానికి షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ తరఫున తయారుచేసిన మెమొరాండం. దాన్ని ఆర్టికల్స్, క్లాజులు పెట్టి చట్టం ఎట్లా ఉండాలో అట్లాగే రాశాడు. మాకిది కావాలి అని అడగడం ఒకటి, ఇదిగో రాసి తెచ్చాం అని ముందు పెట్టడం ఒకటి. ఆ సంగతి పెద్దాయనకి చెప్పాను. విన్నాడు. "ఆయన అంబేద్కరు. ఇక్కడ పోయేది తలకి కట్టు కట్టుకున్న కూలోడు" అన్నాడు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చివరికి ఒక దారి చూశాం. ఎవరి ఇంటి ఫోల్డర్లో వాళ్ళు సొంత నమూనా పెట్టుకుంటే ప్రోగ్రామ్ ముందు దాన్ని తీసుకుంటుంది, లేకపోతేనే ప్యాకేజీలో ఉన్నది తీసుకుంటుంది. కోడు మార్చక్కర్లేదు. పెద్దాయన తన నమూనా తనే చెప్పి రాయించాడు. పైన గౌరవనీయులైన అని పెట్టించుకున్నాడు. చివర్లో వేడుకుంటున్నాను అని పెట్టించబోయి, కాసేపు ఆగి, "సర్లే, కోరుతున్నాను అనే ఉంచు" అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు.

దాని కింద ఇంకో లైను కూడా ఆయనే చెప్పాడు. ఈ ఫిర్యాదు కాపీ నాకు ఉచితంగా ఇవ్వవలెను, ఐదో రూలు. 30 ఏళ్ళుగా ఆ రూలు తనకి తెలుసంట. కాపీ అడిగితే కోపం వస్తుందని ఎప్పుడూ రాయలేదంట. ఇప్పుడు ఆ లైను అందరికీ పోయే 11 నమూనాల్లో మొదటిదానిలో ఉంది. అది నాకు తట్టింది కాదు, ఆయన ఇచ్చింది.

ఆ తమ్ముడు ఇప్పుడు నాకంటే గట్టిగా ఉన్నాడు. నేను కొత్త వీల్ పంపిన ప్రతిసారీ ముందు అతను నెట్ సెంటర్లో ఎక్కించి 11 కాగితాలూ తీసి ఫొటోలు పెడతాడు. అప్పుడే మిగతా వాళ్ళకి పంపుతాను. పోయిన వారం నేను తొందరలో పంపితే అతని దగ్గర్నుంచి ఒకటే మెసేజ్ వచ్చింది.

"అన్నా, సంచి విప్పి చూసుకున్నావా?"

నాయన మాట అతనికి నేనే చెప్పి ఉంటాను ఎప్పుడో. చూసుకోలేదు. విప్పి చూస్తే ఈసారి 11 ఉన్నాయి. అయినా చూసుకోకుండా పంపినందుకు సారీ చెప్పాను.

మీలో ఎవరైనా విండోస్ మిషన్‌లో దీన్ని పరీక్షించగలిగితే కామెంట్‌లో మీ జిల్లా పేరు రాయండి. లాయర్ అక్కలు, అన్నలు నమూనాలు చదివి దిద్దండి. కోడు రానక్కర్లేదు, తెలుగు వస్తే చాలు. మీ వాడలో స్టేషన్‌కి పోయి వచ్చిన పెద్దవాళ్ళుంటే, ఏ మాట రాయకపోవడం వల్ల ఏం పోయిందో అడిగి నాకు చెప్పండి. దాన్ని ప్రశ్నగా మార్చి నమూనాలో పెడతాను.

వచ్చే వారం ఆ 15ఏ సెక్షన్ గురించి, సాక్షులకి ఉన్న హక్కుల గురించి రాస్తాను. ఈసారి మాట తప్పను.

జై భీమ్.